చెప్పులు కుడుతూ చెప్పిన మాట

నెల మొదలై ఐదు రోజులైంది. హైదరాబాదులో మా పెద్దవాడి ఇంట్లో ఉన్నాను. అంట్లు తోమే ఆవిడ పని ముగించుకుని, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ వంటింటి గుమ్మంలో నిలబడింది. "పిల్లగానికి మూడు దినాల నుంచి జరం అమ్మా. జీతమిస్తే దవాఖానకు తీస్కపోత" అంది. "సారు ఊళ్ళో లేరమ్మా, రాగానే ఇస్తాం. బాబు కోసం ప్రార్థన చేస్తాంలే, దిగులు పడకు" అంది మా కోడలు. చెడ్డపిల్ల కాదు, మెత్తగానే అంది. ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. నేను లేచి, నా సంచీ వెతుక్కుని, లిఫ్టు దగ్గరికి పోయేసరికి కిందికి దిగిపోయింది. తిరిగొచ్చి కూర్చున్నానో లేదో ఫోను మోగింది. మా ఇంటివాళ్ళ వాట్సాప్ గ్రూపులో కోడలు ఆనాటి వాక్యం పెట్టింది, పొద్దుపొడుపు బొమ్మ మీద, చుట్టూ పూల అంచుతో. దాని కింద పదిహేడు ఆమెన్‌లు.

నాకు డెబ్బై ఏడేళ్ళు. ముప్పై మూడేళ్ళు బడిపిల్లలకు పాఠాలు చెప్పాను. ఆ పదిహేడు ఆమెన్‌లు చూశాక ఆ పూట నాకు ముద్ద దిగలేదు. 'మా రోజుల్లో ఇలా లేదు' అని ముసలివాళ్ళు ఎప్పుడూ అనేదేనని మీరు విసుక్కుంటారు. విసుక్కోండి. మా రోజుల్లో నిజంగానే ఇలా లేదు. ఎలా ఉండేదో మీకు చెప్పకుండా పోతే ఆ తప్పు నాది.

మాది ఒంగోలుకు పడమటగా, పొదిలి వైపు ఒక పల్లె. నేను పుట్టినప్పుడు అది నెల్లూరు జిల్లా. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. మా నాయన చెప్పులు కుట్టేవాడు, మోట బావులకు తోలు బానలు కుట్టేవాడు. మా అమ్మ కూలికి పోయేది, పురుళ్ళు పోసేది. ఇద్దరికీ చదువు రాదు. వాళ్ళ భక్తిని కొలవడానికి ఇప్పటివాళ్ళ దగ్గరున్న కొలతలేవీ పనికిరావు. మా నాయన ఒక్కసారి కూడా మైకు పట్టుకోలేదు. ఆయన ప్రార్థన మూడు నాలుగు మాటల్లో అయిపోయేది. కానీ ఈయన కిరస్తానీ అని ఊళ్ళోవాళ్ళు ఆయన పని చూసి చెప్పేవారు.

మా పల్లెల్లోకి క్రీస్తు మాట ఏ దారిన వచ్చిందో ఇప్పటి పిల్లలకు తెలియదు. వేదికల మీంచి రాలేదు. యర్రగుంట్ల పేరయ్య అని మా మాదిగవాడే ఒకాయన, తోళ్ళ బేరం చేసుకుని బతికినవాడు. 1866లో బాప్తిస్మం పొంది, ఊరూరా నడిచి, చెట్ల కింద చెప్పులు కుట్టుకుంటున్న తనవాళ్ళ పక్కన చతికిలబడి ఆ మాట చెప్పాడు. వాళ్ళు చేతిలోని ఆరె ఆపకుండానే విన్నారు. ఆ ఏడే ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ దొరగారి భార్య ఎమ్మా ఆ పెద్దల కథలు అడిగి రాసుకుని, 1899లో పుస్తకంగా వేసింది. ఆ పుస్తకానికి ఆమె పెట్టిన పేరుకు అర్థం 'చెప్పులు కుడుతూ' అని. ఆ పేరు గురించి తెలిసిన రోజు నాకు మా నాయన గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి. పని చేస్తున్న చేతుల మధ్య పుట్టిన విశ్వాసం మాది. పని మానుకుని వినడానికి తీరికెక్కడిది మావాళ్ళకు?

అప్పుడు విశ్వాసిగా చేరేవాళ్ళకు పెట్టిన నియమాలు మూడే. ఆదివారం పని చెయ్యకూడదు. చచ్చిన గొడ్డు మాంసం తినకూడదు. విగ్రహాలకు మొక్కకూడదు. ఇంతేనా అనిపిస్తుంది ఇప్పుడు. కానీ ఆ మూడూ రోజూ పొట్టకూటి మీద పడేవి. వారానికి ఒక రోజు కామందు పిలుపుకు పోనని మాదిగవాడు అనడమంటే ఏమిటో ఆలోచించండి. చచ్చిన గొడ్డును ముట్టనంటే ఆ పూట కుండ ఖాళీ. జాతరకు డప్పు కొట్టనంటే ఊరంతా పగ. బావులు మూశారు, పనులు మాన్పించారు, కొట్టారు. అయినా నిలబడ్డారు. విశ్వాసం అంటే వాళ్ళకు సోమవారం నుంచి శనివారం దాకా కట్టాల్సిన వెల.

తరువాత 1876 నుంచి 1878 దాకా గొప్ప కరువు వచ్చింది. మా నాయన తాత ఆ కరువు మనిషి. బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ ముక్కను క్లౌ దొరగారు గుత్తకు తీసుకుని, ఆకలితో ఉన్నవాళ్ళకు పని ఇచ్చారు. మా ముత్తాత అక్కడ మన్ను మోశాడని మా ఇంట్లో తరతరాలుగా చెప్పుకుంటున్నాం. ఆ చెప్పుకోవడంలో ఎప్పుడూ ముందు వచ్చే మాట ప్రసంగం గురించి కాదు, కూలి గురించి. "అక్కడ మన కూలి మన చేతిలో పెట్టారు" అనేవాడు మా నాయన, తన తాత చెప్పిన మాటగా. కరువు ముదిరినన్నాళ్ళూ దొరగారు బాప్తిస్మాలు ఆపేశారు. తిండి కోసం మతం పుచ్చుకున్నారన్న మాట పడకూడదని ఆయన పట్టుదల. ఆ తరువాత 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్క రోజున 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ సంఖ్యను ఇప్పటి ప్రసంగీకులు ఎలుగెత్తి చెబుతారు. దాని ముందు జరిగిన కూలి సంగతి మాత్రం వదిలేస్తారు. నాకు ఆ కూలి ముందు, ఆ సంఖ్య తరువాత.

ఇంట్లో మా భక్తి ఎలా ఉండేదో చెబుతాను. రాత్రి సంకటి తిన్నాక కిరసనాయిలు బుడ్డి ముందు కూర్చునేవాళ్ళం. చదువు వచ్చింది నాకొక్కదానికే కాబట్టి బైబిలు నేను చదవాలి. రెండు మూడు వచనాలు చదివేసరికి మా నాయన చెయ్యెత్తేవాడు. "చాలమ్మా. ఇది చేశాక తరువాతిది" అనేవాడు. చదివింది చేసేదాకా ముందుకు పోనిచ్చేవాడు కాదు. మత్తయి సువార్త ఐదో అధ్యాయం దాటడానికి మాకు ఒక ఎండాకాలమంతా పట్టింది. అర్పణ తెచ్చినవాడికి తన సహోదరుడితో తగవు గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు పోయి సమాధానపడాలన్న చోట బండి ఆగిపోయింది. మా చిన్నాయనకూ మా నాయనకూ చూరునీళ్ళు పడే గోడ దగ్గర పాత గొడవ. నేను చదవడం ఆపగానే మా నాయన లాంతరు తీసుకుని లేచాడు. చిన్నాయన తలుపు తియ్యలేదు. రెండో రాత్రీ అదే వచనం చదివించాడు, మళ్ళీ వెళ్ళాడు, మళ్ళీ తియ్యలేదు. మూడో రాత్రి మా చిన్నమ్మ తలుపు తీసింది. అన్నదమ్ములిద్దరూ అర్ధరాత్రి దాకా గోడ పక్కన కూర్చున్నారు. నాలుగో రాత్రి నేను తరువాతి వచనం చదివాను.

ఇప్పుడు ఏడాదిలో బైబిలంతా పూర్తి చేసే పట్టికలున్నాయి. రోజుకు ఇన్ని అధ్యాయాలని ఫోను గుర్తు చేస్తుంది, చదివితే పచ్చరంగు టిక్కు పెడుతుంది. చదవడం మంచిదే, కాదనను. కానీ ఏడాదిలో బైబిలు మూడుసార్లు చుట్టేసి, సొంత తమ్ముడితో పదేళ్ళుగా మాటల్లేని మనిషిని చూస్తే ఆ చదువు ఎక్కడికి పోయిందని నాకు దిగులు.

మా నాయన పని గురించి ఒక్కటి చెప్పాలి. ఒకసారి పక్క ఊరి కామందుకు తోలు బాన కుట్టాడు. లందలో తంగేడు చెక్క నీళ్ళలో నానిన తోలు, పైకి నున్నగా మెరుస్తోంది. కుట్టు పూర్తయ్యాక వేళ్ళతో తడుముతుంటే పొట్ట దగ్గర తోలు ఒక చోట పలచగా తగిలింది. కంటికి కనపడేది కాదు. ఒకటి రెండేళ్ళు నీళ్ళు తోడాక అక్కడే చిరుగుతుంది. అప్పటికి అది ఎవరి తప్పో ఎవరూ తేల్చలేరు. ఆ రాత్రి ఆయన కుట్టంతా విప్పి, మంచి తోలు తీసి మళ్ళీ మొదటి నుంచి కుట్టాడు. ఆ తోలు వేరే వాళ్ళ కోసం కొన్నది, దాని డబ్బు ఆయనే పెట్టుకున్నాడు. మా అమ్మ ఒక్క మాట అనలేదు, దీపం ఎత్తి పట్టుకుంది. కామందుకు ఈ సంగతి ఎప్పటికో తెలిసింది. ఆ మరుసటేడు నుంచి కళ్ళంలో రాత్రి కావలి మా నాయనకే అప్పజెప్పాడు. గింజల రాశుల పక్కన ఒంటరిగా పడుకోబెట్టాలంటే ఎంత నమ్మాలి! మా పల్లెలో ఎవరూ ఆ కామందుకు సువార్త చెప్పలేదు. ఆ బానే చెప్పింది.

లందలో మా నాయనకు సాయంగా ఒక కుర్రవాడు పనిచేసేవాడు. పొద్దు గూకేలోగా వాడి కూలి వాడి చేతిలో పడాల్సిందే. కూలివాడి కూలి తెల్లవారేదాకా దగ్గర పెట్టుకోవద్దని ధర్మశాస్త్రంలో ఉన్న మాట మా నాయనకు నోటికి వచ్చు. ఇంట్లో కాసు లేని రోజున కొట్టు దగ్గర అప్పు తెచ్చి ఇచ్చాడు. "మనం రేపు తింటాం. వాడి ఇంట్లో ఇవాళే తినాలి" అన్నాడు. బాకీ వేరు, దానం వేరు అని నాకు అప్పుడు అర్థమైంది. చేసిన పనికి ఇవ్వాల్సింది ఎగవేసి, పండక్కి పాత చీర ఇచ్చి పుణ్యం కట్టుకున్నామనుకునేవాళ్ళను చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మా అమ్మ సంగతి ఇంకో తీరు. ఏ వేళ పిలిచినా, ఏ కులం వాళ్ళు పిలిచినా పురుడు పొయ్యడానికి వెళ్ళేది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం కళ్ళు మూసుకుని లోపలికి అడుగు పెట్టేది. బిడ్డ భూమ్మీద పడి, తల్లి కుదుటపడ్డాక ఇంటికి వస్తే, ఆమె నడిచిన చోటల్లా వాళ్ళు పసుపునీళ్ళు చల్లుకునేవారు. ఆ సంగతి ఆమెకు తెలుసు. "మళ్ళీ ఎందుకు పోతావే?" అని చిన్నప్పుడు నేను ఏడ్చి అడిగాను. "ఆ బిడ్డ నీళ్ళు చల్లలేదు కదే" అంది. అవమానాన్ని తలవంచి పడాలని నేను ఎవరికీ చెప్పను. ఆ పసుపునీళ్ళు పాపమే, ఆ పాపం చల్లినవాళ్ళది. కానీ శత్రువును ప్రేమించడమనే మాట మీద వందల ప్రసంగాలు విన్నాను. అది నాకు తెలిసింది మాత్రం మా అమ్మ ఆ జవాబు ఇచ్చిన రోజున.

మా పొయ్యి పక్కన ఒక చిన్న కుండ ఉండేది. ఎసట్లో గింజలు పోసే ముందు ఒక పిడికెడు తీసి అందులో వేసేది అమ్మ. పిడికెడు బియ్యం అనడం అలవాటుగానీ, మా మెట్ట పల్లెల్లో బియ్యం క్రిస్మసుకే. రోజూ పడేవి సజ్జలో, జొన్నలో, కొర్రలో. ఆదివారం ఆడవాళ్ళందరూ ఆ కుండలు గుడికి తెచ్చి ఒక్క చోట పోసేవారు. బోధకుడికి కొంత, విధవరాలికి కొంత, మంచాన పడ్డవాళ్ళకు కొంత. ఎవరి కుండలో ఎంత వచ్చిందని ఎవరూ చదివేవారు కాదు. గింజలు తక్కువున్న రోజున మా అమ్మ పిడికిలి చిన్నదైంది గానీ కుండ మాత్రం ఖాళీగా లేదు. ఆ పిడికెడు ఇంటి తిండిలోంచే తీసిందని పిల్లలమైన మాకూ తెలుసు. ఎందుకంటే ఆ రోజు మా ముద్ద అంత చిన్నది.

ఇప్పుడు కవర్లు వచ్చాయి, క్యూఆర్ కోడు బోర్డులు వచ్చాయి. ఇచ్చినవాళ్ళ పేర్లు మైకులో చదువుతారు, పెద్ద మొత్తానికి పెద్ద దీవెన పలుకుతారు. ఇస్తే వందంతలు తిరిగి వస్తుందని ఆశ పెడతారు. తిరిగి వస్తుందని ఇస్తే అది వడ్డీ వ్యాపారం. మా అమ్మ ఆ పిడికెడు గింజలు తిరిగి వస్తాయని ఎన్నడూ అనుకోలేదు.

బల్ల గురించి చెబుతాను. ప్రభు రాత్రి భోజనం ఉన్న ఆదివారానికి ముందు శనివారం సంఘపెద్దలు ఇంటింటికీ వచ్చేవారు. ఎవరితోనైనా మాటలు లేవా, తీసుకున్న అప్పు ఎగ్గొట్టావా, భార్య మీద చెయ్యి చేసుకున్నావా అని అడిగేవారు. తాగి ఇంట్లోవాళ్ళను కొట్టినవాడికి ఆ నెల బల్ల లేదు. ఆ కట్టుబాటు కఠినమే. కొందరు పెద్దలు దాన్ని పెత్తనానికి వాడుకున్న మాటా నిజమే. కానీ ఆ శనివారం భయం వల్ల మా వీధిలో ఎన్ని దెబ్బలు ఆగిపోయాయో ఆడదాన్ని, నాకు తెలుసు. ఇప్పుడు ఆ ప్రశ్నలు అడిగేవారు లేరు. అడిగితే పక్క వీధిలో ఇంకో సంఘం, అక్కడ ఏమీ అడగరు. సంఘ ఆస్తుల కోసం విశ్వాసులే రెండు వర్గాలై కోర్టు మెట్లెక్కి, ఆదివారం ఒకే బల్ల చుట్టూ నిలబడడం నా కళ్ళతో చూశాను.

మా పెళ్ళిళ్ళలో కట్నం లేదు. మగపెళ్ళివారే ఓలి ఇచ్చి పిల్లను తీసుకెళ్ళేవారు. చదువులు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి, వాటితో కట్నమూ వచ్చింది. పెళ్ళిలో పాష్టరుగారి ఎదుట క్రీస్తు సంఘాన్ని ప్రేమించినట్టు భార్యను ప్రేమిస్తానని మాట ఇస్తారు. ఆ ముందు రోజు రాత్రి కారు దగ్గర బేరం తెగక పెళ్ళి ఆగేదాకా వచ్చి ఉంటుంది. పెళ్ళిసంబంధాల ప్రకటనలో క్రైస్తవ సంబంధం కావాలంటారు, పక్కనే కులం పేరు రాస్తారు. ఆ మూడు నియమాల కోసం దెబ్బలు తిన్నవాళ్ళ మునిమనవలు రాసే రాతేనా ఇది?

ఇక చప్పుడు. మా రోజుల్లో పాట పొలంలో ఉండేది. కలుపు తీస్తూ పురుషోత్తమ చౌధరిగారి కీర్తనలు ఒకరందుకుంటే ఒకరు పాడేవాళ్ళం, వంగిన నడుముకు ఆ పాటే ఊతం. ఇప్పుడు తెల్లవారుజామునే మేడ మీద పెట్టిన సౌండు బాక్సులు మొదలవుతాయి. పక్కింట్లో పరీక్షకు చదువుకునే పిల్ల ఉంటుంది, గుండె ఆపరేషను అయిన పెద్దాయన ఉంటాడు. పొరుగువాడిని నీలాగే ప్రేమించమన్న దేవుడి పేరు మీదే పొరుగువాడి నిద్ర చెడగొడితే అది ఏ స్తుతి? ఇతరులూ పెడుతున్నారు కదా అంటారు. ఇతరులు చేశారనే మనమూ చేస్తే ఇక మనకంటూ వేరే దారి ఎందుకు?

మా రోజులన్నీ బంగారమని నేను అనడం లేదు. మా గుళ్ళలోనే మాల మాదిగలు వేరువేరు వరసల్లో కూర్చున్నారు. ఆడపిల్లను ఐదో తరగతితో ఆపినవాళ్ళలో విశ్వాసులూ ఉన్నారు. నన్ను ఒంగోలు పంపి చదివించడానికి మా నాయన సంఘంలోనే ఎన్నో మాటలు పడ్డాడు. ఇప్పటి పిల్లల్లోనూ నెత్తురు దానం చేసేవాళ్ళు, కరోనా రోజుల్లో ఎవరూ ముట్టని శవాలను మోసినవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు నేను చేతులెత్తి మొక్కుతాను. నా సణుగుడు వాళ్ళ మీద కాదు.

నా సణుగుడంతా ఒక్కటే. మేము తక్కువ చెప్పి, చెప్పినంత చేసేవాళ్ళం. ఇప్పుడు చెప్పడమే చెయ్యడం అయిపోయింది. చేసి చూపిన రోజుల్లో ఏమైందో చూడండి. 1912లో దోర్నకల్లుకు బిషప్పుగా వచ్చిన అజరయ్యగారు మన దేశం నుంచి మొదటి ఆంగ్లికన్ బిషప్పు. ఆయన అధ్యక్ష మండలంలో పై కులాలవాళ్ళు కూడా క్రీస్తు వైపు రావడం 1930ల నాటికి అందరికీ కనిపించింది. ఎందుకు వచ్చారంటే, తమ ఊరి మాల మాదిగల బతుకు మారడం వాళ్ళు కళ్ళారా చూశారు. తాగుడు మానడం చూశారు, మాట నిలబెట్టుకోవడం చూశారు, ఇల్లూ వాకిలీ శుభ్రంగా ఉంచుకోవడం చూశారు. అంటరానివాడి ఇంటి వైపు చూసి దేవుణ్ణి తెలుసుకున్నారు. ఇప్పుడు మన ఇంటి వైపు చూస్తే ఏం కనిపిస్తుంది?

ఆ సాయంత్రం మనవరాలు కాలేజీ నుంచి వచ్చింది. నాకు కళ్ళు సరిగ్గా కనపడవు కనుక రాత్రిపూట తనే ఫోనులో నాకు బైబిలు చదివి పెడుతుంది. యాకోబు పత్రిక రెండో అధ్యాయం తియ్యమన్నాను. బట్టల్లేక, ఆ పూట తిండి లేక వచ్చినవాళ్ళను చల్లని మాటలతో సాగనంపి, కావలసింది ఇవ్వకపోతే ఏం లాభమని అడిగే చోటికి వచ్చింది. నేను చెయ్యెత్తాను.

"ఇంకా ఉంది నాయనమ్మా, పెద్ద అధ్యాయం" అంది.

"చాలమ్మా. ఇది చేశాక తరువాతిది."

అర్థం కాక నా మొహంలోకి చూసింది. పొద్దున గుమ్మంలో జరిగింది చెప్పాను. నేనే ఇవ్వచ్చు, నా పింఛను డబ్బులున్నాయి, కానీ అది నా బాకీ కాదమ్మా అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. లేచి వాళ్ళమ్మ గదిలోకి వెళ్ళింది. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు, బీరువా తలుపు తీసిన చప్పుడు మాత్రం వినపడింది. తరువాత తల్లీకూతుళ్ళిద్దరూ బయటికి వచ్చారు. ఆవిడ ఇల్లు ఏ సందులోనో వాచ్‌మన్‌కు తెలుసట. మా కోడలు నా వైపు చూడకుండానే గుమ్మం దగ్గర వంగి చెప్పులు తొడుక్కుంది.